అద్దె నేల మీద సొంత ఇల్లు

పెద్దదోర్నాల సెంటర్లో బస్సు దిగితే నాలుగు దారులు. ఒకటి నల్లమల ఘాట్ ఎక్కి శ్రీశైలం పోతుంది, ఒకటి ఆత్మకూరు మీదుగా కర్నూలుకు, ఒకటి యర్రగొండపాలెం మీదుగా మాచర్లకు, ఇంకొకటి మార్కాపురానికి. శ్రీశైలం దారిలో రాత్రి తొమ్మిదికి అటవీశాఖ గేటు వేస్తే మళ్ళీ పొద్దున ఆరుకే ఎత్తేది. పులుల రాజ్యం కదా. గేటు పడ్డాక చిక్కుకుపోయిన యాత్రికులు, లారీ డ్రైవర్లు టీ కొట్ల దగ్గర తెల్లవార్లూ కాలక్షేపం చేస్తారు. ఆ కబుర్లలో ఒకప్పుడు వానలు, మిరప ధర, పెద్దపులి వినబడేవి. ఇప్పుడు ఎవరు నోరు తెరిచినా సెంట్లు, గజాలు.

2024 మార్చిలో వెలిగొండ సాగునీటి ప్రాజెక్టు జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. 2025 ఆఖరులో మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది. నీళ్ళొస్తాయంటే ఒక ఆశ, కలెక్టరాఫీసు వస్తుందంటే ఇంకో ఆశ. రోడ్డు వార పొలాల్లో కంది పీకేసి రంగు జెండాలు పాతారు. సున్నం కొట్టిన హద్దురాళ్ళు, మట్టి రోడ్డు, ముందు ఓ సిమెంటు కమాను. అయినా ఇక్కడి మనిషి ఆ కమాను చూసి మోసపోడు.

"గజం ఎంత చెప్తున్నారన్నా?"

"గజం సంగతి తర్వాత. ముందు అది పట్టానా, డీకేనా, అది కనుక్కో."

పశ్చిమ ప్రకాశంలో ఈ ప్రశ్న దాటాకే ధర మాట. డీకే అంటే ప్రభుత్వం పేదలకు సాగుకో ఇంటికో ఇచ్చిన భూమి. దున్నుకోవచ్చు, పిల్లలకు ఇవ్వొచ్చు, అమ్మకూడదు. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం వేసిన ముడి అది. రైతు నోట్లో దాని పేరు ‘తొమ్మిది బై డెబ్భై ఏడు’. ఇరవై ఏళ్ళు దాటిన సాగుభూములకు ముడి విప్పుతున్నామని 2023లో చట్టం సవరించారు. 2024లో ప్రభుత్వం మారింది, ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. ఇక 22ఏ అంటే రిజిస్ట్రేషన్ చట్టం కింద తయారయ్యే నిషేధిత జాబితా. సర్వే నంబరు అందులో పడితే తాతల నాటి పట్టా అయినా సబ్‌రిజిస్ట్రార్ కాగితం ముట్టుకోడు. చుక్కల భూములని ఇంకో రకం ఉంది. తెల్లదొరల కాలపు సెటిల్‌మెంటు రిజిస్టర్లో యజమాని పేరు రాయాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేసిన భూములు. వాటిని తేల్చడానికి 2017లో ఏకంగా ఓ చట్టమే చేయాల్సి వచ్చింది. ఎప్పుడో ఓ గుమాస్తా పెట్టిన చుక్క ఈనాడు ఓ పిల్ల పెళ్ళి ఆపగలదు.

ఈ కథనం ఇళ్ళ గురించే. కానీ ఇందులో ఇటుకలు, స్లాబుల ఊసు తక్కువ. ఇంటికింది నేల ఎవరిది, ఎన్నాళ్ళు మనది అన్నదే అసలు సంగతి. ఆ లెక్కను ఓ దేశం దేశమంతా నూటయాభై ఏళ్ళుగా వేసుకుంటూనే ఉంది. పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ. ఆ లెక్కలో నలిగిన వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు.

పాత జిల్లా అంత దేశం

ముక్కలు కాకముందు ప్రకాశం జిల్లా విస్తీర్ణం 17,626 చదరపు కిలోమీటర్లు. మూడొందల పైచిలుకు దీవులన్నీ కలిపినా ఫిజీ 18 వేల పైచిలుకే. అద్దంకి నుంచి గిద్దలూరు దాకా ఉన్న నేలను తీసుకెళ్ళి సముద్రంలో చల్లినట్టు అనుకోండి. జనం మాత్రం మనకంటే బాగా తక్కువ. 2011లో మన జిల్లాలో 34 లక్షలకు దగ్గర పడితే, 2017 జనగణనలో ఫిజీ మొత్తానికి 8,84,887 మంది. ఇంత నేల, ఇంత కొద్దిమంది. ఇంటి జాగాకు కరువేమిటి అనిపిస్తుంది.

కరువుంది. అక్కడి నేలలో దాదాపు 90 శాతం ఆదిమ ఫిజీయన్లది. వాళ్ళను ఇటౌకెయ్ అంటారు. ఒక మనిషి పేరున కాక, ‘మతంగాలి’ అనే వంశం మొత్తానికి ఉమ్మడిగా ఉంటుంది. పుట్టిన ప్రతి బిడ్డ పేరూ ఓ అధికారిక వంశావళి పుస్తకంలో ఎక్కుతుంది. ఆ పుస్తకంలో పేరుంటే నేలలో వాటా ఉన్నట్టే. ఆ నేలను అమ్మడానికి లేదు, కొనడానికి లేదు. కౌలుకిస్తారు, అంతే. కొనుక్కోదగ్గ పక్కా పట్టా భూమి ఏడెనిమిది శాతం దాటదు. మిగిలిన కాస్తా ప్రభుత్వానిది.

దీని వెనక ఒకే మనిషి చేసిన రెండు పనులున్నాయి. 1874 అక్టోబరు 10న ఫిజీ పెద్దలు తమ దీవులను బ్రిటిష్ రాణికి అప్పగించారు. మరుసటేడు గవర్నరుగా వచ్చిన సర్ ఆర్థర్ గోర్డన్ మొదట ఆదిమ జనం నేలలు తెల్లవాళ్ళకు అమ్ముడుపోకుండా తాళం వేశాడు. ఆ జనాన్ని తోటల్లో కూలికి తోలకూడదనీ అనుకున్నాడు. మంచి పనులే. అయితే తోటలు నడవాలి, ఖజానా నిండాలి, పని చేసేదెవరు? దానికి జవాబుగా 1879 మే 14న కలకత్తా నుంచి ‘లియోనిడాస్’ ఓడ దిగింది. 1916 దాకా అలా 60 వేల పైచిలుకు భారతీయులు ఐదేళ్ళ ఒప్పందం మీద దిగారు. ఒకరి నేల కాపాడటానికి నేలలేని ఇంకొకరిని తెచ్చి పెట్టారు. ఫిజీలో ఈరోజుకీ ఇల్లు, పొలం, ఓటు అన్నిటి చుట్టూ తిరిగే తగవు ఆ ఓడలోనే దిగింది.

మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. ఆ దారిన వెళ్ళిన 15 వేల మందిలో తమిళులతో పాటు విశాఖ, గోదావరి, కృష్ణా ప్రాంతాల తెలుగువాళ్ళున్నారు. వాళ్ళకు మొదట దొరికిన ఇల్లు ‘లైన్లు’. పొడుగాటి షెడ్డు, దాన్ని వీపులు ఆనించినట్టు రెండు వరసల గదులుగా కోస్తారు. గది పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. అందులో ముగ్గురు ఒంటరి మగవాళ్ళు గానీ, పిల్లలతో ఓ సంసారం గానీ. గదికీ గదికీ మధ్య గోడ పైకప్పు దాకా పోదు. పక్క గదిలో దగ్గినా, ఏడ్చినా, కాపురం చేసినా ఇటు వినబడాల్సిందే. వంట కూడా ఆ డెబ్భై చదరపు అడుగుల్లోనే. మన దగ్గర పల్లెల్లో ఇచ్చిన సెంటున్నర స్థలం ఇరుకని మాట్లాడుకుంటాం, నిజంగా ఇరుకే. ఆ సెంటున్నరలో ఇలాంటి గదులు తొమ్మిది పట్టేవి.

రేకు, చెక్క, ముప్ఫై ఏళ్ళు

1920లో ఆ వెట్టి ఒప్పందాలు రద్దయ్యాయి. చక్కెర మిల్లులన్నీ చేతిలో పెట్టుకున్న ఆస్ట్రేలియా కంపెనీ సీఎస్‌ఆర్ తన ఎస్టేట్లను పదెకరాల చొప్పున ముక్కలు చేసి కౌలుకిచ్చింది. మిగతావాళ్ళు ఆదిమ వంశాల దగ్గర కౌలుకు తీసుకున్నారు. లైన్లు వదిలి ఎవరి చెరుకు పొలంలో వాళ్ళు ఇల్లేసుకున్నారు. అందుకే ఫిజీ భారతీయుల పల్లె మన పల్లెలా కుదురుగా ఒకచోట ఉండదు. పొలానికో ఇల్లు, ఇంటికీ ఇంటికీ కూతవేటు దూరం. బా, నాంది, లౌటోకా, సముద్రానికి అవతల వనువా లేవు దీవిలో లంబాస, అన్నిచోట్లా ఇదే తీరు.

ఆ ఇంటిని కాస్త దగ్గరగా చూడాలి. కొయ్య చట్రం, చెక్క గోడలు లేదా ముడతల రేకు గోడలు, పైన రేకే. తుపానులు తిరిగే దేశంలో రేకు కప్పు, చెక్క గోడ ఎందుకంటే డబ్బులేక అని సగం జవాబు. మిగతా సగం కౌలు కాగితంలో ఉంది. గడువు ముగిశాక నేల వాళ్ళది. నేలలో పాతుకున్న పునాది నీది కాదు. మేకు పీకితే ఊడివచ్చేదే నీది. కౌలు తీరిన రైతులు ఇంటి చెక్కలు, రేకులు, కిటికీలు విప్పుకుని లారీకెక్కించుకుపోయిన సందర్భాలు తొంభైల చివర అక్కడ బోలెడు. ఇటుక గోడ లారీకెక్కదు కదా.

1940లో ఆదిమ భూముల ట్రస్టు బోర్డు వచ్చింది. రాతు సర్ లాలా సుకునా అనే ఆదిమ నాయకుడు ఊరూరా తిరిగి తన జనాన్ని ఒప్పించి తెచ్చిన ఏర్పాటది. వంశానికి కావలసినంత నేల పక్కన పెట్టి, మిగిలింది బోర్డు ద్వారా కౌలుకివ్వాలి. అంతకుముందు ఒక్కో పెద్దమనిషి చుట్టూ తిరిగి బతిమాలుకునే బాధ రైతుకు తప్పింది. 1976 చట్టంతో సాగు కౌలుకు కనీసం ముప్ఫై ఏళ్ళ గడువు దొరికింది. నేల సహజ విలువలో ఏడాదికి ఆరు శాతం మించి కౌలు వసూలు చేయకూడదన్నారు. గడువు తీరాక పొడిగించాలన్న నియమం మాత్రం లేదు.

తెలుగు, తమిళ కుటుంబాలు ఈ కౌలు బతుకులోనే చాలా కట్టుకున్నాయి. 1926లో సాధు కుప్పుస్వామి నాయకత్వాన పుట్టిన దక్షిణాదివాళ్ళ సంగం, 1941లో తెలుగువాళ్ళు విడిగా పెట్టుకున్న దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం బడులు నడిపాయి, ఇప్పటికీ నడుపుతున్నాయి. ఇల్లు రేకుదైనా బడి గట్టిగా కట్టారు. పిల్లవాడి చదువును ఎవరూ కౌలు తీరిందని వెనక్కి తీసుకోలేరన్న తెలివి అది. తెలుగు ఇంట్లో పల్చబడి ఫిజీ హిందీ స్థిరపడింది, అది వేరే కథ.

1997 నుంచి గడువులు తీరడం మొదలైంది. వేల కౌళ్ళు ఒకదాని వెనక ఒకటి. కొందరికి పొడిగించారు, చాలామందికి లేదు. అంతకు పదేళ్ళ ముందే, 1987లో కర్నల్ రబుకా సైనిక తిరుగుబాటు చేశాడు. 2000 మే 19న ఇంకో తిరుగుబాటు. తొలి భారతీయ సంతతి ప్రధాని మహేంద్ర చౌదరిని పార్లమెంటు భవనంలోనే 56 రోజులు బందీగా పెట్టారు. ఓపికా డబ్బూ ఉన్నవాళ్ళు ఆస్ట్రేలియాకో న్యూజిలాండుకో విమానం ఎక్కారు. లేనివాళ్ళు విప్పిన రేకులతో రాజధాని సువా అంచులకు చేరారు. సువా నుంచి నౌసోరి దాకా రోడ్డు వెంట మడ అడవుల పక్కన, వాగు గట్ల మీద ఆ రేకులే మళ్ళీ నిలబడ్డాయి. దేశం మొత్తంమీద అలాంటి వాడలు రెండొందలకు పైనే. ఇప్పుడు వాటిలో భారతీయులెంతమందో, దీవుల నుంచి పనికోసం వచ్చిన ఆదిమ ఫిజీయన్లూ అంతమంది. కాగితం లేనివాడికి జాతి లేదు.

ఆ వాడల్లో నడిచే పద్ధతి మనవాళ్ళకు కొత్తగా అనిపించదు. నేల గల వంశం పెద్దను కలిసి, యంగోనా వేరు కట్ట ముందు పెట్టి, నోటిమాట మీద జాగా పుచ్చుకుంటారు. దాన్ని వకవనువా అంటారు. బోర్డు ముద్ర లేదు, కౌలు పత్రం లేదు. పెద్ద బతికున్నన్నాళ్ళు బాగానే ఉంటుంది. ఆయన పోయాక కొడుకు వచ్చి "ఎవరిచ్చారు మీకు?" అంటాడు. ఆ మాటకు బ్యాంకు అప్పివ్వదు. మన దగ్గర తెల్లకాగితం మీద నలుగురి సంతకాలతో కొన్న ఇంటిజాగాలు ఎన్ని లేవు? అమ్మినాయన పోయాక కొడుకులు వచ్చి అడిగే మాటా అదే.

అవతలి పక్క

ఇక్కడిదాకా చదివితే ఆదిమ ఫిజీయన్లు పీనాసి ఆసాముల్లా కనబడతారు. అది అన్యాయం. న్యూజిలాండులో మావొరీలు, హవాయిలో అక్కడి మూలవాసులు నేలలు పోగొట్టుకుని సొంత దేశంలో అద్దెకున్నారు. ఫిజీలో అలా జరగలేదంటే కారణం ఆ తాళమే. ఆరు శాతం కౌలు నేల ధరకు ఏ మూలకూ చాలదన్నది వాళ్ళ ఫిర్యాదు, అందులో నిజముంది. పైగా వచ్చిన కౌలులోనూ చాలాకాలం వంశం పెద్దలకే ప్రత్యేక వాటాలు పోయేవి. 2011 నుంచే అందరికీ సమానంగా పంచుతున్నారు.

ఆ తాళం విలువ దోర్నాల మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు, చెంచుగూడేనికి పోతే చాలు. కృష్ణకు అవతల తెలంగాణలోని అమ్రాబాద్ చెంచులు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నారు. గిరిజనుడి నేల గిరిజనేతరుడు కొనకుండా 1/70 చట్టం అక్కడ కాపలా కాస్తుంది. ఇవతల ప్రకాశం నల్లమల షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. అదే అడవి, అదే జనం, ఏటికి అటు కాపలా, ఇటు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కొన్ని పట్టాలు వచ్చాయి, అవి సాగుకు. ఇప్పుడు 2023లో మొదలైన పీఎం జన్‌మన్ పథకం కింద చెంచులకు పక్కా ఇళ్ళంటున్నారు. ఇంటికి రెండు లక్షలు. గూడెం పులుల అభయారణ్యం లోపల ఉంటే ఇసుక, సిమెంటు తోలడానికే అటవీశాఖ అనుమతి. బోద గడ్డి కప్పిన చుట్టుగుడిసె అడవిలో దొరికేవాటితో లేస్తుంది, పాడైతే అక్కడి సరుకుతోనే మళ్ళీ లేస్తుంది. స్లాబు ఇల్లు వద్దని నేననను, వానకు తడిసే పిల్లలను చూసినవాడెవడూ అనడు. కానీ నాలుగు గోడలు ఇచ్చే ముందు ఆ నాలుగు గోడల కింది నేలను గూడెం పేరున రాయడం ఎందుకంత కష్టమో అటవీశాఖ, రెవెన్యూ శాఖ కూర్చుని తేల్చుకోవాలి.

డబ్బున్నవాడి ఫిజీ

కొనుక్కోదగ్గ ఆ ఏడెనిమిది శాతం ఎటు పోయిందో కూడా చూడాలి. నాంది పక్కన మడ అడవుల చిత్తడిని పూడ్చి డెనరౌ కట్టారు. హోటళ్ళు, గోల్ఫ్ మైదానం, పడవల రేవు, కాలువ గట్టున విల్లాలు. కొనేవాళ్ళలో ఆస్ట్రేలియన్లు, న్యూజిలాండర్లు, అమెరికన్లు ఎక్కువ. వాళ్ళు ప్లాట్లు కొని ఖాళీగా పడేసి ధర పెరిగేదాకా కూర్చోవడం మొదలుపెట్టారు. విసుగెత్తిన ప్రభుత్వం 2014లో చట్టం సవరించింది. పట్టణ హద్దుల్లో పక్కా పట్టా ఇంటిస్థలాలు పరదేశీయులు కొనకూడదు. వేరేచోట ఇప్పటికే ఖాళీ స్థలం ఉంటే రెండేళ్ళలో కనీసం రెండున్నర లక్షల ఫిజీ డాలర్ల ఇల్లు కట్టాలి. మన డబ్బులో దాదాపు కోటి. కట్టకపోతే స్థలం విలువలో పదోవంతు జరిమానా, అదీ ఆరు నెలలకోసారి. డెనరౌ లాంటి పర్యాటక ప్రాజెక్టులకు మళ్ళీ మినహాయింపులు ఇచ్చారనుకోండి. అయినా ఆ జరిమానా నిబంధనను మార్కాపురం, దోర్నాల చుట్టూ జెండాలు పాతి తుమ్మచెట్లు మొలిపిస్తున్న వెంచర్లకు పెడితే ఎలా ఉంటుందో అని ఊహించుకోవడంలో నాకో సరదా ఉంది.

ఊరు లేచి నడిస్తే

పసిఫిక్‌లో ఇళ్ళ కథ కౌలుతో ఆగదు. అక్కడ ఊళ్ళకు ఊళ్ళే కదిలాయి. వెలిగొండ ముంపు గ్రామాల వాళ్ళకు ముఖ్యంగా చెప్పాల్సిన కథలివి.

బనాబా అని ఓ చిన్న దీవి. దాని మట్టి నిండా ఫాస్ఫేటు. ఆస్ట్రేలియా, న్యూజిలాండు పొలాలకు ఎరువు కోసం బ్రిటిష్ కంపెనీ ఆ దీవిని తవ్వి తోలింది. రెండో ప్రపంచయుద్ధం ముగియగానే అక్కడి జనాన్ని తిరిగి సొంత దీవికి పంపకుండా, రెండు వేల కిలోమీటర్ల దూరంలో ఫిజీలోని రాంబీ దీవికి తరలించారు. ఆ రాంబీని కొన్నది వాళ్ళ ఫాస్ఫేటు రాయల్టీ సొమ్ముతోనే. 1945 డిసెంబరు 15న వెయ్యి మంది దిగారు. ఇళ్ళు సిద్ధంగా ఉన్నాయని చెప్పి తెచ్చారు. దిగాక చూస్తే సైన్యం వాడే గుడారాలు, కొన్ని వారాల తిండి. అది అక్కడ తుపానుల కాలం. నష్టపోయినవాడి డబ్బుతోనే నష్టపరిహారం! పునరావాసం పేరిట ఇంతకంటే లాఘవమైన లెక్క నేను వినలేదు.

రెండోది వునిందోంగోలోవా. వనువా లేవు తీరాన ఓ పల్లె. సముద్రం ఇళ్ళలోకి రావడంతో 2014లో ఊరు ఊరంతా రెండు కిలోమీటర్లు లోపలికి, గట్టు మీదికి జరిగింది. సముద్రం పెరిగి ప్రభుత్వ ప్రణాళికతో తరలిన ఊళ్ళలో ప్రపంచంలోనే తొలివాటిలో ఒకటిగా దీన్ని చెబుతారు. ఇక్కడ గమనించాల్సింది, వాళ్ళు వెళ్ళింది సొంత వంశం నేలలోకే. ఒకరిని దేబిరించలేదు. అదే తీరంలో కౌలు నేల మీదున్న రైతుకు సముద్రం వస్తే జరగడానికి గట్టు లేదు.

మూడోది ఓ దేశమే స్థలం కొనడం. కిరిబాటి చాలావరకు సముద్ర మట్టానికి మూడు నాలుగు మీటర్లే ఎత్తు. ఆ ప్రభుత్వం 2014లో ఫిజీలోని నటోవటు ఎస్టేట్‌ను, దాదాపు 5,500 ఎకరాలు, చర్చి నుంచి కొనేసింది. ముందుచూపు మెచ్చుకోదగ్గదే. అయితే ఆ ఎస్టేట్‌లో అప్పటికే ఓ పల్లె ఉంది. ఎప్పుడో తోటపనికి తెచ్చిన సాలమన్ దీవుల వాళ్ళ వారసులు. అమ్మేటప్పుడు, కొనేటప్పుడు వాళ్ళ కాగితం ఎవరూ అడగలేదు, ఎందుకంటే వాళ్ళకు లేదు.

నోటీసుకు ముప్ఫై ఏళ్ళు

ఇక మన ముంపు. మన దగ్గర సముద్రం రాదు, కృష్ణ వస్తుంది.

దోర్నాలకు ఎగువన కొల్లంవాగు దగ్గర శ్రీశైలం జలాశయం నీళ్ళను 18.8 కిలోమీటర్ల సొరంగాల గుండా ఇటు తెస్తారు. ఒకటి ఏడు మీటర్ల వ్యాసం, రెండోది 9.2 మీటర్లు. నల్లమల కొండల మధ్య సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల కనుమలకు ఆనకట్టలు కట్టి, లోయను నల్లమల సాగర్ చేసి 53 టీఎంసీలకు పైగా నిలపాలి. నాలుగున్నర లక్షల ఎకరాలకు దగ్గరగా సాగునీరు, పదిహేను లక్షల మందికి తాగునీరు. కరువు, ఫ్లోరైడు తిన్న నేల ఇది. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న ఈ ప్రాజెక్టు వద్దనేవాడు ఈ పక్క ఎవరూ ఉండరు, మునిగే ఊళ్ళవాళ్ళతో సహా.

మునిగేవి పదకొండు. సుంకేసుల, కలనూతల, గుండంచర్ల, గొట్టిపడియ, అక్కచెరువు తండా ఇలా. మొదటి శంకుస్థాపన 1996లో, రెండోది 2004లో. మొదటి రాయి వేసిన ఏడాది పుట్టిన పిల్లకు ఇప్పుడు ముప్ఫై. ఫిజీలో కౌలు గడువు ముప్ఫై ఏళ్ళు. మన దగ్గర ఖాళీ చేయమన్న కబురే ముప్ఫై ఏళ్ళుగా నడుస్తోంది. ఆ ముప్ఫై ఏళ్ళలో మునిగిపోయే ఊళ్ళో మిద్దె ఎవరు వేస్తారు? అప్పు ఎవరిస్తారు? పిల్లనెవరిస్తారు? కురిసే మట్టి మిద్దె మీద టార్పాలిన్ కప్పుకుని, రేపో మాపో పోతాంలే అని కాలం నెట్టారు. ఈలోగా చిన్నపిల్లలు పెద్దవాళ్ళై, పెళ్ళిళ్ళై వేరు పొయ్యిలు పెట్టుకున్నారు. లెక్క రాసిన నాటికి పద్దెనిమిదేళ్ళు నిండినవాడు ఒక కుటుంబం, ఒక్క నెల తక్కువైనవాడు ఎవరూ కాదు. వెలిగొండ తగాదాల్లో సగం ఈ తేదీ చుట్టూ తిరిగేవే.

ఇంటికి విలువ కట్టేటప్పుడు టేపు పట్టి గోడ పొడవు, ఎత్తు, కప్పు రకం రాసుకుంటారు. దూలాలు, ద్వారబంధాలు లెక్కిస్తారు. చింతచెట్టుకు ఓ ధర, బోరుకు ఓ ధర. పక్కవాళ్ళ గోడ తనదే అయినందుకు తగ్గే ఖర్చుకు, చావుకో పుట్టుకకో పిలవకుండా వచ్చే మనిషికి ఆ ఫారంలో గడి లేదు. ముసలమ్మ అడిగే మాట ఇంకా సూటిగా ఉంటుంది: "ఇల్లంటే ఇస్తారు నాయనా, గొడ్లను యాడ కట్టేయాల?" తోకపల్లి, వేములకోట, ఇడుపూరు వైపు పునరావాస కాలనీలకు స్థలాలు చూశారు. వరసగా ప్లాట్లు, కరెంటు స్తంభాలు, తారు రోడ్డు. జీవాలు తోలుకోవడానికి అడవి అంచు అక్కడికి దగ్గర కాదు.

ఈ నీళ్ళకు పాత బాకీ కూడా ఉంది. 1981లో శ్రీశైలం జలాశయం నింపేటప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు ఖాళీ చేయించారు. ఇళ్ళు కూల్చే ఆ పనికి పెట్టిన పేరే ‘ఆపరేషన్ డిమాలిషన్’. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని మాత్రం రాళ్ళకు నంబర్లు వేసి విప్పి, అలంపురంలో తిరిగి పేర్చారు. బాగా చేశారు, గుడి చెక్కుచెదరకుండా ఉంది. మనుషులకు ఇంటికో ఉద్యోగమని 1986లో 98 నంబరు జీవో ఇచ్చారు. ఆ జీవో పేరు చెప్పుకుని తిరుగుతూ కొందరు రిటైరయ్యే వయసుకు వచ్చేశారు. రేపు సొరంగంలో వచ్చేవి ఆ ఊళ్ళను ముంచిన నీళ్ళే.

2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలు చదివితే మన పాలకులు ఈ అనుభవాల నుంచి కొంత నేర్చుకున్నారనిపిస్తుంది. ఇల్లు పోయినవాడికి కట్టిన ఇల్లు ఇవ్వాలి. సాగునీటి ప్రాజెక్టయితే సాగుభూమి పోయినవాడికి వీలైనంతవరకు ఆయకట్టులో ఎకరమైనా చూపాలి. మూడో షెడ్యూల్లో రోడ్డు, మురుగుకాలువ, బడి దగ్గర్నుంచి శ్మశానం దాకా ఉంది. వెలిగొండ భూములు చాలావరకు దానికి ముందే పాత చట్టం కింద తీసుకున్నారు కాబట్టి ఏది ఎంతవరకు వర్తిస్తుందన్నది లాయర్ల వాదన. ఇంటిస్థలం తీసుకోవాలా, అన్నీ కలిపి ఒకేసారి సొమ్ము తీసుకుని ఎటో పోవాలా అన్నది నిర్వాసితుల ఇళ్ళలో వాదన. సొమ్ము వైపే మొగ్గేవాళ్ళను తప్పుపట్టలేం. కాలనీ మీద నమ్మకం కుదరక చేతికొచ్చిందే దక్కిందనుకుంటున్నారు. ఆ సొమ్ముతో వాళ్ళు కొనబోయేది మార్కాపురం చుట్టుపక్కల ప్లాటే. అప్పుడు వాళ్ళకూ డీకే, 22ఏ, చుక్కలు ఎదురవుతాయి.

అందుకే ఆ రెండో షెడ్యూల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఓ చిన్న అంశం నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. నిర్వాసితులకిచ్చే ఇల్లు, స్థలం ఏ చిక్కూ లేనివై ఉండాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు భూమి తీసుకున్నవాళ్ళే భరించాలి. భార్యాభర్తలిద్దరి పేరునా రాయవచ్చు. ఇది చేయడానికి కాంట్రాక్టరు అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. సబ్‌రిజిస్ట్రార్‌ను ఓ కంప్యూటరు, ఓ వేలిముద్ర యంత్రంతో కాలనీకి పంపి చెట్టుకింద కూర్చోబెడితే అవుతుంది. ఇంటి పొజిషన్ సర్టిఫికెట్టని, అసైన్‌మెంట్ పట్టా అని, అమ్మకూడని తాకట్టు పెట్టకూడని ఇంకో కాగితం చేతిలో పెట్టారో, ముంపు ఊళ్ళో ముప్ఫై ఏళ్ళున్న అనుమానమే కాలనీలోనూ కాపురం పెడుతుంది. నల్లమల సాగర్‌లోకి నీళ్ళు వదిలే తేదీ ప్రకటించేలోగా పదకొండు ఊళ్ళ ప్లాట్లు రిజిస్టరు చేసి, ఆ దస్తావేజుల నంబర్లు పంచాయతీ గోడ మీద అంటించాలి.